పాంపేయి, హెర్క్యులేనియం: ఒకే కొండ, రెండు రకాల చావు

పాంపేయిని లావా ముంచేసిందని చాలామంది అనుకుంటారు. క్రీ.శ. 79లో ఇటలీలోని వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఆ ఊళ్లోకి లావా రానే లేదు. ముందు పైనుంచి రాళ్లు రాలాయి, తర్వాత నేల వెంట వేడి బూడిద దూసుకొచ్చింది. ఈ రెండింటికీ మధ్య సుమారు 18 గంటల ఎడం. ఎవరు బతికారో, ఎవరు పోయారో తేలింది ఆ గంటల్లోనే.

ఆ కొండంటే అక్కడివాళ్లకు భయం లేదు. వాలుల నిండా ద్రాక్షతోటలే. శిఖరం దగ్గరి కాలిన రాళ్లను బట్టి అక్కడ ఒకప్పుడు నిప్పు ఉండేదని భూగోళ రచయిత స్ట్రాబో పసిగట్టాడు గానీ, అది ఎప్పుడో ఆరిపోయిందనుకున్నాడు. 62లో పెద్ద భూకంపం వచ్చి పాంపేయి సగం కూలింది. 600 గొర్రెల మంద చచ్చిందనీ, నేలలోంచి లేచిన విషగాలే కారణమనీ రోమన్ తత్వవేత్త సెనెకా రాశాడు. 17 ఏళ్లయినా మరమ్మతులు పూర్తికాలేదు. కొండ పగిలే ముందు కొన్నాళ్లు నేల కదిలినా, ఆ కాంపానియా ప్రాంతంలో అది మామూలేనని జనం పట్టించుకోలేదు.

శిలాద్రవంలో ఆవిరి, వాయువులు కరిగి ఉంటాయి. అది పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి, గోలీసోడా కొట్టినప్పటిలా ఒక్కసారిగా బుడగలు పొంగుతాయి. ఆ నురుగు గాల్లోనే గడ్డకడితే ప్యూమిస్ రాయి. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో మొదలైన ఆ రాళ్లు, బూడిద, వాయువుల స్తంభం 30 కిలోమీటర్ల పైకి లేచింది. నేపుల్స్ అఖాతానికి అవతల మిసేనం రేవులో ఉండి, తర్వాత ఇదంతా ఉత్తరాల్లో రాసిన 17 ఏళ్ల చిన్న ప్లినీకి అది గొడుగులా కొమ్మలు విప్పిన పైన్ చెట్టులా కనిపించింది.

ఆ రోజు గాలి ఆగ్నేయానికి వీచింది. పాంపేయి సరిగ్గా ఆ దారిలో ఉంది. గంటకు సుమారు 15 సెంటీమీటర్ల చొప్పున ప్యూమిస్ పేరుకుంది. మందం 40 సెంటీమీటర్లు దాటేసరికి పైకప్పులు కుంగడం మొదలైంది. ఒక్కో రాయి తేలికే, మోత మొత్తానిది. రాళ్లవానలో బయటికి వెళ్లడం కంటే ఇంట్లో ఉండటమే క్షేమమని ఎవరికైనా తోస్తుంది. ఈ పొరలో దొరికిన దాదాపు 400 అస్థిపంజరాల్లో ఎక్కువ భాగం ఇళ్లలోనే ఉన్నాయి.

కొండకు పడమటి వైపున్న హెర్క్యులేనియం ఊరి మీద రాలింది కొద్దిపాటి బూడిదే. కానీ అర్ధరాత్రి దాటాక స్తంభం తన బరువు తానే మోయలేక కూలసాగింది. వాయువు, బూడిద, రాళ్లు కలిసిన మేఘం కొండ వాలు మీదుగా నిమిషాల్లో ఊరిని చేరింది. తీరంలో పడవలు దాచే కమానుగదుల్లో, ఒడ్డున ఓడల కోసం కాచుకున్న 300 మందికి పైగా అక్కడే చనిపోయారు. ఊరి మీద 20 మీటర్ల దాకా పేరుకున్నది రాయిలా గట్టిపడింది. అందుకే అక్కడ చెక్క, పపైరస్ చుట్టలు బొగ్గుగా మారి మిగిలాయి.

పాంపేయిలో తెల్లవారాక రాళ్లవాన తగ్గింది. మిగిలినవాళ్లు ప్యూమిస్ మీద నడుస్తూ బయటపడుతుండగా వేడి బూడిద మేఘం ఊరిని కప్పేసింది. మెత్తటి బూడిద ఒంటి చుట్టూ బిగిసి, ఒళ్లు కుళ్లిపోయాక ఖాళీ అచ్చు మిగిలింది. 1863లో తవ్వకాల అధికారి జుసెప్పె ఫియొరెల్లి ఆ ఖాళీల్లో ప్లాస్టర్ పోయించాడు. మనం ఫొటోల్లో చూసేవి ఆ పోతలే. జనాన్ని కాపాడటానికి ఓడలతో బయల్దేరిన నౌకాదళాధిపతి పెద్ద ప్లినీ, చిన్న ప్లినీకి మేనమామ, ఆ ఉదయమే పాంపేయి దగ్గరి స్టేబియే తీరంలో చనిపోయాడు.

ఆగస్టు 24 అన్న పాత తేదీ మీద ఇప్పుడు అనుమానముంది. 2018లో పాంపేయి గోడ మీద అక్టోబరు 17 తేదీతో ఒక బొగ్గు రాత బయటపడింది. అందులో సంవత్సరం లేదు, కాబట్టి అదొక్కటే తీర్పు చెప్పదు. అక్కడ దొరికిన దానిమ్మలు, కుంపట్లు మాత్రం శరదృతువు వైపే మొగ్గుతున్నాయి. మన వైపు నుంచి వెళ్లినదీ ఒకటి ఆ బూడిదలో ఉంది: 1938లో దొరికిన భారతీయ దంతపు స్త్రీ బొమ్మ. శాతవాహనుల నేలలోని తేర్, భోకర్దన్‌లలో దాన్ని పోలినవి దొరికాయి.

వెసూవియస్ చివరిసారి 1944 మార్చిలో పేలింది. ఇప్పుడు వేడి బూడిద మేఘాల ముప్పున్న దాని ఎర్ర మండలంలో దాదాపు 7 లక్షల మంది ఉన్నారు, వాళ్లను 72 గంటల్లో, పేలుడుకు ముందే తరలించాలన్నది ప్రణాళిక. బూడిద రాలే ముప్పున్న పసుపు మండలంలో ఎవరిని ఖాళీ చేయించాలన్నది మాత్రం ఆనాటి గాలిని చూసి తేలుస్తారు.