పునుగులు వేసింది, ఒక్కటీ తినలేదు

మొన్న ఆదివారం సాయంత్రం మా కింది ఫ్లాట్ ఆవిడ తలుపు కొట్టి, లోపలికి కూడా రాకుండా గుమ్మంలోనే నిలబడి అడిగింది. "టీచర్ గారూ, మీరు బయాలజీ చెప్తారు కదా, మా పాపకేమైందో మీకేమైనా తెలుస్తుందా? అన్నం తినడం మానేసిందండీ, కానీ ఎప్పుడు చూసినా ఫోన్లో వంటల వీడియోలే. పొద్దున్న పునుగులేసి బిల్డింగంతా పంచింది, తను ఒక్కటీ నోట్లో వేసుకోలేదు. మా అత్తగారు దిష్టంటే గుమ్మడికాయ కూడా కొట్టించాం. తిండంటే ఇష్టం లేని పిల్ల వంటెందుకు చేస్తుందండీ?"

ఆ ఆఖరి ప్రశ్న రాత్రంతా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఇంత మంచి ప్రశ్న క్లాసులో కూడా ఈ మధ్య ఎవరూ అడగలేదు. పైగా దీనికి జవాబు ఎనభై ఏళ్ళ కిందటే దొరికింది.

మర్నాడు రాత్రి టిఫిన్ వేళకి వాళ్ళింటికెళ్ళి కూర్చున్నాను. పాప తొమ్మిదో తరగతి. వైజాగ్ ఉక్కపోత ఎలా ఉంటుందో తెలుసుగా, ఫ్యాన్ కింద కూర్చున్నా నా జాకెట్టు తడిసిపోతోంది, ఆ పిల్ల మాత్రం చేతుల నిండా స్వెట్టర్ వేసుకుని కూర్చుంది. ప్లేట్లో ఒకే ఒక్క ఇడ్లీ. దాన్ని శనగగింజంత ముక్కలుగా తుంచి, ప్రతి ముక్కనీ చట్నీకి తగిలీ తగలనట్టు ముంచి, ఒక్కో ముక్కకీ ఎంతసేపు నమిలిందో! నేను కాఫీ తాగి, వాళ్ళత్తగారితో కబుర్లు చెప్పి లేచేసరికి నలభై నిమిషాలైంది, ఇడ్లీ ఇంకా సగం ఉంది. "రెండు ముక్కలకే కడుపు నిండిపోతోంది ఆంటీ" అంది. అబద్ధం కాదు అది, తిండి బాగా తగ్గిన ఒంట్లో కడుపు ఖాళీ అవ్వడం కూడా నెమ్మదించిపోతుంది.

ఇప్పుడు అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీకి, 1944కి వెళ్దాం. యుద్ధం అయ్యేసరికి యూరప్‌లో కోట్లమంది ఆకలితో ఉంటారు, వాళ్ళకి తిండెలా పెట్టాలో ముందే తెలుసుకోవాలని ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది కుర్రాళ్ళని తీసుకున్నాడు. అందరూ మగవాళ్ళు, ఆరోగ్యవంతులు, యుద్ధంలో మనుషుల్ని చంపం అని చెప్పి దాని బదులు ఈ సేవకి స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళు. ఒక్కడికీ సన్నబడాలన్న కోరిక లేదు, ఒక్కడూ అద్దం ముందు ఏడ్చినవాడు కాదు. 24 వారాలపాటు వాళ్ళకి మామూలుగా తినేదాంట్లో సుమారు సగమే పెట్టారు. (కేలరీల అంకెలు కావాలనే రాయట్లేదు, ఇది పిల్లలూ చదువుతారు, అంకె కనబడితే దాన్నే పట్టుకుంటారు.) బరువులో దాదాపు పావు వంతు పోయింది. అది ఊహించిందే. ఊహించనిది బుర్రల్లో జరిగింది. వంటల పుస్తకాలు పోగేశారు, మెనూలు చదివారు, రాత్రీ పగలూ తిండి గురించే మాట్లాడుకున్నారు. ఇచ్చిన కాస్త తిండినీ నీళ్ళు కలిపి, ముక్కలు చేసి, గంటా రెండు గంటలు సాగదీశారు, ప్లేట్లు నాకారు. జులై ఎండల్లో చలేస్తోందని దుప్పట్లు కప్పుకున్నారు. చిరాకు, దిగులు, స్నేహితుల మీద విరక్తి. తర్వాత కొందరు ఏకంగా వంట సంబంధించిన ఉద్యోగాలకే వెళ్ళారు.

ఇడ్లీ ముక్కలు, స్వెట్టర్, వంటల వీడియోలు, పునుగులు. వాళ్ళ నోట్‌బుక్ లోంచి ఒక పేజీ చింపి ఈ ఫ్లాట్‌లో పడేసినట్టుంది.

నన్ను వదలకుండా పట్టుకున్న విషయం ఇదే. మనం ఏమనుకుంటాం, పిల్లకి ముందు మనసులో ఏదో పాడైంది, అందుకే తిండి మానేసింది అనుకుంటాం. చాలాసార్లు వరస తిరగబడి ఉంటుంది. ముందు తిండి తగ్గింది, కారణం డైటింగ్ కావచ్చు, ఉపవాసం కావచ్చు, టైఫాయిడ్ కావచ్చు, కోచింగ్ హాస్టల్లో టిఫిన్ మానేసి క్లాసుకి పరిగెత్తడం కావచ్చు, ఆ తగ్గిన తిండే బుర్రని మార్చేసింది, మారిన బుర్ర తిండిని ఇంకా తగ్గించింది.

వైజాగ్ వాళ్ళకి దీన్ని నీళ్ళతో చెప్తే వెంటనే అర్థమవుతుంది. మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ నిండుగా ఉన్నప్పుడు కుళాయి గురించి ఎవరైనా ఆలోచిస్తారా? తిప్పుతాం, వస్తాయి, అంతే. రిజర్వాయర్‌లో మట్టం పడిపోయి రోజు విడిచి రోజు నీళ్ళు వదిలే ఎండాకాలం గుర్తుచేసుకోండి. తెల్లారి నాలుగింటికే మెలకువ, "ఇవాళ వస్తాయా", "మీ వీధిలో వచ్చాయా", ఫోన్లన్నీ అవే మాటలు. నీళ్ళ గురించి ఇష్టం పెరిగి కాదు, లోటు వచ్చి. ఇక కుళాయి రాగానే ఏం చేస్తాం? డ్రమ్ములు, బిందెలు, బకెట్లు, ఆఖరికి గిన్నెలూ చెంబులూ కూడా నింపేస్తాం. దాన్ని ఎవరూ అత్యాశ అనరు కదా. మరి నాలుగు రోజులు కడుపు మాడ్చుకున్న పిల్ల అయిదో రోజు రాత్రి ఫ్రిజ్ ముందు నిలబడి దొరికిందల్లా తినేస్తే మాత్రం మనం అత్యాశ అంటాం, ఆ పిల్ల కూడా అలాగే అనుకుని సిగ్గుతో చచ్చిపోయి, మర్నాడు ఇంకా మాడ్చుకుంటుంది, కొందరు వాంతి చేసుకుంటారు. అలా పదేపదే వాంతులైతే రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయే తప్పొచ్చు. మిన్నెసోటా కుర్రాళ్ళు కూడా తిండి మళ్ళీ ఇచ్చాక ఆగకుండా తిన్నారు, కడుపు నిండినా ఆకలి తీరలేదన్నారు.

ఇంకా ఉంది. నీళ్ళు తక్కువైనప్పుడు ఊళ్ళో ముందు దేనికి ఆపుతారు? పార్కులకి, ఫౌంటెన్లకి. ఆస్పత్రికి ఆఖర్న. ఒళ్ళూ అంతే చేస్తుంది. జుట్టు రాలిపోతుంది, చర్మానికి వెళ్ళే వేడి తగ్గుతుంది (అందుకే స్వెట్టర్), నెలసరి ఆగిపోతుంది, ఎముక కట్టడం ఆగిపోతుంది, చివరికి గుండె కూడా పొదుపులో పడుతుంది. కీస్ మనుషుల్లో నాడి సగటున నిమిషానికి 40 కంటే కిందికి వెళ్ళిపోయింది.

సరే, ఆ రిజర్వాయర్‌లో మట్టం కొలిచేదెవరు? దాని పేరు లెప్టిన్. 1994లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం దీని జన్యువుని పట్టుకుంది. కొవ్వు కణాలే ఈ హార్మోన్ని తయారుచేసి రక్తంలోకి వదుల్తాయి, అది మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లోని ఆర్క్యుయేట్ న్యూక్లియస్ అనే చిన్న ముద్దకి చేరి "నిల్వ ఉంది" అని చెప్తుంది. తమాషా ఏంటంటే ఉపవాసం మొదలెట్టిన రెండు మూడు రోజులకే, కొవ్వు పెద్దగా కరక్కముందే, లెప్టిన్ దబ్బున పడిపోతుంది, అంటే నీళ్ళు తగ్గకముందే గేజి ముల్లు కిందికి పడి సైరన్ కొడుతుంది. అప్పుడు ఆకలి పుట్టించే ఏజీఆర్‌పీ అనే న్యూరాన్లు (మెదడు కణాలు) లేచి తిండి వైపే ధ్యాస లాగుతాయి. ఇంకోవైపు కిస్‌పెప్టిన్ న్యూరాన్లు మందగిస్తాయి, దాంతో జీఎన్‌ఆర్‌హెచ్ అనే మెదడు హార్మోన్ తగ్గుతుంది, దాంతో పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లు తగ్గుతాయి, ఈస్ట్రోజెన్ పడిపోతుంది, నెలసరి ఆగుతుంది, ఈస్ట్రోజెన్ లేక ఎముక కట్టడమూ దెబ్బతింటుంది. గేజి పడిపోయిన దగ్గర్నించి ఎముక దాకా ఒకటే గొలుసు. ఎదిగే వయసులో ఎముక అన్నిటికంటే వేగంగా కట్టే రెండేళ్ళలోనే పెద్దయ్యాక ఉండే ఎముక ఖనిజంలో సుమారు పావు వంతు చేరుతుంది, ఆ రెండేళ్ళూ ఈ గొలుసు తెగితే తర్వాత ఎంత పాలు తాగినా పూర్తిగా పూడ్చలేం.

మరి ఆ వయసులోనే డైటింగ్ ఎందుకు మొదలవుతుంది? ఎందుకంటే ఆడపిల్లకి పెద్దమనిషయ్యే ముందూ తర్వాతా తుంటి, తొడల దగ్గర కొవ్వు చేరాలి, చేరితేనే లెప్టిన్ పెరిగి ఆ గొలుసు నడుస్తుంది. సరిగ్గా అప్పుడే మనం ఓణీల ఫంక్షన్ పెట్టి, వందమంది చుట్టాల మధ్య కూర్చోబెట్టి, "బొద్దుగా అయిందే, కొంచెం తగ్గితే ఫోటోల్లో బావుంటుంది" అంటాం. మా కింది ఫ్లాట్ పాప కథ అక్కడే మొదలైందట, ఏ అత్త అందో కూడా ఆ పిల్లకి మాట మాటా గుర్తుంది. ఆ సమయంలో పిల్లని మూల కూర్చోబెట్టి అంటరానిదాన్ని చెయ్యడం మూఢనమ్మకమే, నేను క్లాసులో గట్టిగానే చెప్తాను. కానీ అదే ఆచారంలో మన అమ్మమ్మలు నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి ముద్దలు పెట్టేవాళ్ళు చూశారా, అది మాత్రం ఒంటికి కావలసిందే. ఒళ్ళు పెరిగే వేళకి తిండి పెంచారు.

డైటింగ్ చేసిన ప్రతి పిల్లా ఈ సుడిలో పడదు. 2019లో వచ్చిన పెద్ద జన్యు అధ్యయనంలో అనోరెక్సియాకి (తిండి మానేసి చిక్కిపోయే ఈ జబ్బుకి) సంబంధించి జన్యుపటంలో 8 చోట్లు దొరికాయి, అందులో మనసుకే కాదు, జీవక్రియకి సంబంధించిన సంబంధాలూ బయటపడ్డాయి. ఎవరి ఒంట్లో ఆ మొగ్గు ఉందో ముందు చెప్పలేం. కానీ ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలో 14, 15 ఏళ్ళ పిల్లల్ని గమనించి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, తీవ్రంగా డైటింగ్ చేసిన ఆడపిల్లలకి చెయ్యనివాళ్ళకంటే ఆర్నెల్లలో తిండికి సంబంధించిన ఇలాంటి జబ్బు వచ్చే అవకాశం 18 రెట్లు ఉందని తేలింది. అందుకే నివారణ అంటే నా దృష్టిలో ముందుగా ఒకటే, ఎదిగే పిల్ల ఆ మొదటి లోటులోకి దిగకుండా చూడడం.

అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2016లో చెప్పింది కూడా ఇదే దారిలో ఉంటుంది: ఇంట్లో బరువు మాట ఎత్తొద్దు, బరువు మీద వేళాకోళం వద్దు, డైటింగ్ వద్దు, కలిసి కూర్చుని తినండి. లావుగా ఉన్న పిల్లలకీ ఇదే, వాళ్ళకి ఇంకా ఎక్కువ, ఎందుకంటే వాళ్ళు చిక్కిపోతుంటే అందరూ మెచ్చుకుంటారు, జబ్బు ఎవరికీ కనబడదు. మగపిల్లల్నీ మర్చిపోకండి, మిన్నెసోటాలో ఉన్నది మగవాళ్ళే కదా.

బళ్ళ సంగతి చెప్పాలి. నేను ఇదివరకు పనిచేసిన ఒక స్కూల్లో ఏటా ఎత్తూ బరువూ తీసే రోజున అందర్నీ వరండాలో నిలబెట్టి బరువు గట్టిగా చదివేవాళ్ళు, ఒకరు రాసుకునేవాళ్ళు. ఏడో తరగతి పిల్లొకతి అంకె విని తల దించుకుని వెళ్ళి, ఆ రోజు క్యారేజీ విప్పలేదు. నేను పక్కనే ఉన్నాను, రిజిస్టర్ నా చేతిలోనే ఉంది. గదిలో ఒక్కొక్కర్నీ పిలిచి, చదవకుండా రాసుకుంటే ఏం పోతుంది? అలాగే ఈ జబ్బుల గురించి పాఠం చెప్తున్నామని పిల్లలు ఏమేం చేస్తారో వర్ణించి చెప్పడం వద్దు, అది కొందరికి దారి చూపించినట్టవుతుంది. దానికంటే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్ స్టైస్ బృందం చేసిన పద్ధతి నాకు నచ్చింది, సన్నగా ఉంటేనే అందం అన్న మాటని పిల్లల చేతే ఖండింపజేస్తారు, ఉత్తరాలు రాయిస్తారు, వాదింపజేస్తారు. తన నోటితో తానే కాదన్న మాటని మనసు పట్టుకుని ఉండలేదు. తర్వాతి మూడేళ్ళు గమనిస్తే ఆ పిల్లల్లో కొత్తగా జబ్బు మొదలైనవాళ్ళు బాగా తగ్గారు.

మా కింది ఫ్లాట్ ఆవిడకి ఇదంతా చెప్పలేదు. ముందు నాడి చూడమన్నాను. పగలు మెలకువగా, ఊరికే కూర్చున్నప్పుడు 50 కంటే తక్కువ ఉన్నా, నిలబడితే కళ్ళు తిరిగినా ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికే. బాగా చిక్కిన పిల్లకి ఒక్కసారిగా ఎక్కువ పెట్టినా రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రమాదం, కాబట్టి ఎంత పెట్టాలో డాక్టరే చెప్పాలి. మానసిక వైద్యుడు అనేసరికి ఆవిడ మొహం మారిపోయింది. మన ఊళ్ళో మానసిక వైద్యశాల ఉన్న చినవాల్తేరు అన్న పేరునే తిట్టుగా వాడే అలవాటుంది కదా, ఆ అలవాటు ఎంతమంది పిల్లల్ని ఇంట్లోనే ఉంచేసిందో. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416 రాసిచ్చాను, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులక్కర్లేదు.

పిల్లల డాక్టర్ దగ్గర్నించి వచ్చాక మళ్ళీ వచ్చింది. నాడి 56 ఉందట, ఇంట్లోనే చూసుకోవచ్చన్నారట, ఎంతెంత పెట్టాలో కాగితం మీద రాసిచ్చారట. "మరి రాత్రికి ఎలా పెట్టమంటారండీ, బతిమాలనా, తిట్టనా?"

రెండూ వద్దు, ఆ కాగితంలో రాసినట్టే మీ చేత్తో వడ్డించండి, అన్నం, ముద్దపప్పు, నెయ్యి, మీరూ అదే పెట్టుకుని పక్కన కూర్చోండి అన్నాను. ఎంత తిందో లెక్క పెట్టొద్దు, "శభాష్" కూడా అనొద్దు, స్కూలు గురించో సినిమా గురించో మాట్లాడండి, ప్లేటు అయ్యేదాకా లేవకండి, అయ్యాక కూడా ఓ గంట పక్కనే ఉండండి. అత్తగారికి ఒక పని అప్పజెప్పండి, ఆ గంటసేపూ పిల్లతో అష్టాచెమ్మా ఆడమనండి.