600 మైళ్ల లెక్క: ‘కెప్టెన్ ఫిలిప్స్’ వెనకున్న తగాదా

సోమాలియా వైపు ఏదైనా ఓడ హైజాకైందంటే చాలు, 2013 నాటి ‘కెప్టెన్ ఫిలిప్స్’ సినిమా మళ్లీ చర్చకొస్తుంది. సముద్రం లేని హైదరాబాద్‌లోనూ అంతే. మర్చంట్ నేవీలో పిల్లలున్న ఇళ్లలో ఆ సినిమా చూసినవాళ్లు చివరికి అడిగేది ఒకటే: అసలు ఆ ఓడ సోమాలియా తీరానికి అంత దగ్గరగా ఎందుకు వెళ్లింది? సినిమా ఆ ప్రశ్న జోలికి పెద్దగా పోదు. కోర్టుకెక్కిన సిబ్బంది గొడవంతా దాని మీదే.

ఆ సినిమాకు మూలమైన అమెరికా సరుకు ఓడ మెర్స్క్ అలబామా మీదికి 2009 ఏప్రిల్ 8న నలుగురు సోమాలీ సముద్ర దొంగలు ఎక్కడం, కెప్టెన్ రిచర్డ్ ఫిలిప్స్‌ను లైఫ్‌బోట్‌లో తీసుకుపోవడం, 12న అమెరికా నేవీ స్నైపర్లు ముగ్గురిని కాల్చి ఆయన్ను విడిపించడం అందరికీ తెలిసినవే. నాలుగోవాడు అబ్దువలీ మూసేకు 2011లో 33 ఏళ్ల 9 నెలల శిక్ష పడింది.

ఓడ ఒమన్‌లోని సలాలాలో బయల్దేరి జిబూటీ మీదుగా కెన్యాలోని మొంబాసాకు పోతోంది. 20 మంది సిబ్బంది, 17,000 టన్నుల సరుకు. అందులో 5,000 టన్నులు సహాయ సామగ్రి. సోమాలియా తీరానికి కనీసం 600 మైళ్లు ఎడంగా నడపమని అప్పటికే హెచ్చరికలున్నాయి. దాడి జరిగిన చోటు మాత్రం సోమాలియాలోని ఈల్ రేవుకు సుమారు 240 నాటికల్ మైళ్లే. దగ్గరి దారిలో డబ్బు కలిసొస్తుందని హెచ్చరికల్ని పక్కన పెట్టారంటూ సిబ్బందిలో పలువురు మెర్స్క్ లైన్, వాటర్‌మన్ స్టీమ్‌షిప్ నౌకా సంస్థల మీద దావా వేశారు. ఫిలిప్స్ ఆ దావాలో ప్రతివాది కాదు, సాక్షి.

ఆయన వాదన చిన్నది: 600 మైళ్లైనా 1,200 మైళ్లైనా భద్రతకు హామీ లేదు. కొట్టిపారేయలేని మాటే. 2024 మార్చి 12న బంగ్లాదేశ్ ఓడ ఎంవీ అబ్దుల్లాను మొగదిషుకు తూర్పున దాదాపు 600 నాటికల్ మైళ్ల దూరంలోనే పట్టుకున్నారు. పట్టిన చేపల పడవను తల్లి ఓడగా వాడుకుంటే దొంగలు ఎంత దూరమైనా పోగలరు. అయినా దూరానికి విలువుంది. 240 మైళ్ల వ్యాసార్థం 600కి పెరిగితే వాళ్లు గాలించాల్సిన నీళ్లు ఆరు రెట్లు దాటతాయి. వాళ్ల చిన్న పడవ స్కిఫ్‌లో పట్టే పెట్రోలు మాత్రం పెరగదు.

ఆ రోజు ఏం జరిగిందన్న దగ్గర సిబ్బంది మాటకు మరింత బరువుంది. దొంగలు ఎక్కగానే ఎక్కువమంది వెనకనున్న స్టీరింగ్ గేర్ రూమ్‌లోకి దిగి తలుపు బిగించుకున్నారు. చుక్కానిని తిప్పే యంత్రాలుండే గది అది. బ్రిడ్జి (ఓడను నడిపే పైగది) మీది చక్రం పనిచేయకపోయినా అక్కణ్నుంచి చుక్కానిని ఆడించవచ్చు. చుక్కానిని అదేపనిగా అటూ ఇటూ తిప్పడంతో ఓడ పక్కనున్న దొంగల పడవలో నీళ్లు నిండి మునిగింది. చీఫ్ ఇంజినీర్ ఓడ అదుపును బ్రిడ్జి నుంచి తప్పించి కిందికి తెచ్చుకుని, ఆపైన కరెంటు తీసేశాడు. తుపాకులతో బ్రిడ్జి మీద నిలబడ్డవాళ్ల చేతికి చిక్కింది కదలని ఓడ. గాలి ఆడక లోపల ఉడికిపోతున్నా సిబ్బంది బయటికి రాలేదు. వెతుక్కుంటూ చీకట్లో ఇంజిన్ రూమ్‌లోకి దిగిన మూసేను అదే చీఫ్ ఇంజినీర్ పట్టేశాడు. పెనుగులాటలో మూసే చేతికి కత్తి గాయమైంది. కొన్ని గంటల తర్వాత, కెప్టెన్‌ను వదిలితే వీణ్ని ఇస్తామని బేరం కుదిరింది. సిబ్బంది మాట నిలబెట్టుకున్నారు, దొంగలు నిలబెట్టుకోలేదు. సొంత పడవ లేదు కాబట్టి లైఫ్‌బోటే వాళ్లకు దిక్కైంది. మనం తెర మీద చూసే లైఫ్‌బోట్ ఉత్కంఠంతా ఇలా మొదలైందే.

అదే ఓడ మీద 2009 నవంబరు 18న మళ్లీ దాడి జరిగింది. ఈసారి సాయుధ గార్డులున్నారు. కాల్పులతో, చెవులు బద్దలయ్యే ధ్వని పరికరంతో తరిమేశారు, ఎవడూ ఎక్కలేకపోయాడు. దాని మీద సినిమా రాలేదు.

అప్పటి నుంచి ఓడల వాళ్లు పాటించే నియమాలు ఈ అనుభవాల్లోంచి వచ్చినవే. వీలైతే 18 నాట్ల వేగానికి తగ్గకుండా పోవాలి, డెక్ చుట్టూ ముళ్ల కంచె చుట్టాలి, అందరూ దాక్కోవడానికి ‘సిటడెల్’ గది సిద్ధం చేయాలి. అందులో నీళ్లు, తిండితో పాటు ఓడ కరెంటు మీద ఆధారపడకుండా బయటితో మాట్లాడే సాధనం తప్పనిసరి. అన్నిటికన్నా తలల లెక్క ముఖ్యం. ఒక్కడు బయట మిగిలినా నేవీ కమాండోలు లోపలికి దూకడానికి వెనకాడతారు. అలబామాలో లోపలున్నవాళ్లు క్షేమంగా ఉన్నా కథ నాలుగు రోజులు సాగిందంటే, కెప్టెన్ బయట ఉండిపోవడమే కారణం.

ఇప్పుడు గొడవ మళ్లీ ఎందుకు రాజుకుందంటే, 2023 జనవరి 1 నుంచి హిందూ మహాసముద్రంలోని ‘హై రిస్క్ ఏరియా’ (దొంగల ముప్పు ఎక్కువున్న ప్రాంతం) ముద్రను ఓడల సంఘాలు ఎత్తేశాయి. ముద్ర పోతే గార్డుల ఖర్చు మిగుల్చుకోవాలన్న ఆశ పుడుతుంది. ఆ డిసెంబరు 14న ఎంవీ రూయెన్ అనే సరుకు ఓడ దొంగల పాలైంది. 2024 మార్చి 16న ఐఎన్‌ఎస్ కోల్‌కతా, సీ-17 విమానంలోంచి దిగిన మన నేవీ మార్కోస్ కమాండోలు దాన్ని పట్టుకుని 17 మందిని విడిపించారు. లొంగిపోయిన 35 మందిని ముంబయి తెచ్చి 2022 నాటి సముద్ర దొంగతనాల నిరోధక చట్టం కింద కేసు పెట్టారు.

అక్కడే ఓ పాత భయం ఉంది. 2010లో చిక్కిన అస్ఫాల్ట్ వెంచర్ ఓడకు అడిగిన డబ్బు ముట్టినా, మన నేవీ పట్టుకున్న తమవాళ్లను వదిలితేనే అంటూ దొంగలు ఏడుగురు భారతీయుల్ని ఆపేశారు. వాళ్లు 2014 అక్టోబరు దాకా ఇంటికి రాలేదు. సిటడెల్ పద్ధతి ఫలించిన సందర్భమూ ఉంది: 2024 జనవరిలో ఎంవీ లీలా నార్ఫోక్ ఓడ మీద 21 మంది, అందులో 15 మంది మనవాళ్లు, మొత్తం సిటడెల్‌లోకి చేరారు. మార్కోస్ ఎక్కేసరికి ఓడలో దొంగలే లేరు.