సీడీ-ఐ: నాలుగు ఆటలు చూసి తీర్పు చెప్పిన యంత్రం గురించి అపోహలు - వాస్తవాలు

పాత తెలుగు సినిమా వీసీడీ ఒకటి కంప్యూటర్‌లో పెట్టి ఫోల్డర్లు తెరిచి చూడండి. సినిమా ఎంపెగ్‌ఏవీ (MPEGAV) ఫోల్డర్‌లో .DAT ఫైలుగా ఉంటుంది. దాని పక్కన చాలా డిస్కుల్లో సీడీఐ అనే చిన్న ఫోల్డర్ కూడా కనిపిస్తుంది. అందులో ఉండేది ఒక ప్రోగ్రాం, దానికి కావలసిన ఫాంటు, ఇంకొన్ని చిన్న ఫైళ్లు. కంప్యూటర్‌కు గానీ మామూలు వీసీడీ ప్లేయర్‌కు గానీ వాటితో పని లేదు. ఆ డిస్కును ఫిలిప్స్ వాళ్ల సీడీ-ఐ (కాంపాక్ట్ డిస్క్ ఇంటరాక్టివ్) ప్లేయర్‌లో పెడితే సినిమాను నడిపించే ప్రోగ్రాం అది. ఆ యంత్రాన్ని మనలో చాలామంది చూడలేదు గానీ, దాని కోసం రాసిన ప్రోగ్రాం మాత్రం సినిమా డిస్కులతో పాటు మన ఇళ్లలోకి వచ్చేసింది.

ఇంటర్నెట్‌లో సీడీ-ఐ పేరెత్తితే వినిపించేది 'అతి చెత్త గేమ్ కన్సోల్' అన్న మాటే. నింటెండో పాత్రలతో వచ్చిన నాలుగు ఆటల్లోని కార్టూన్ ముక్కలు చూసి చెప్పే మాట అది. ఆ యంత్రాలు బాగుచేసేవాళ్లకూ, డిస్కులు భద్రపరిచేవాళ్లకూ ఇలాంటి అపోహల వల్ల నిజంగానే నష్టం జరుగుతోంది. తప్పు పద్ధతిలో కాపీ చేసిన డిస్కులు, అవసరం లేకుండా పీకేసిన లేజర్లు దాని ఫలితమే.

అపోహ: నింటెండో, సోనీల గొడవలోంచే సీడీ-ఐ పుట్టింది

తేదీలు చూస్తేనే ఇది నిలబడదు. ఫిలిప్స్, సోనీ కలిసి ఈ ప్రమాణాన్ని ప్రకటించింది 1986లో. పాటల సీడీకి రెడ్ బుక్, కంప్యూటర్ సీడీకి యెల్లో బుక్ అనే ప్రమాణ పత్రాలు ఉన్నట్టే దీనికి గ్రీన్ బుక్. ప్లేయర్ అమెరికా దుకాణాల్లోకి వచ్చింది 1991లో, యూరప్, జపాన్‌లకు 1992లో.

వీడియో గేమ్‌ల సంస్థ నింటెండో కథ దీనికి పక్కన నడిచింది. 1991 జూన్‌లో చికాగోలో జరిగిన సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో, నింటెండో వాళ్ల సూపర్ నింటెండో కన్సోల్ ఆటలు ఆడే సీడీ యంత్రం తెస్తున్నామని సోనీ ప్రకటించింది. మర్నాడే నింటెండో వచ్చి, సీడీ విషయంలో మా భాగస్వామి ఫిలిప్స్ అని చెప్పింది. ఫిలిప్స్‌తో కలిసి తెస్తామన్న ఆ సీడీ డ్రైవ్ ఎన్నడూ మార్కెట్‌కు రాలేదు. ఫిలిప్స్‌కు మిగిలింది నింటెండో పాత్రలను తన ఆటల్లో వాడుకునే హక్కు. అలా వచ్చినవి మూడు జెల్డా ఆటలు, హోటల్ మారియో. వీటిలో ఏదీ నింటెండో తయారు చేసింది కాదు. 1993లో వచ్చిన రెండు జెల్డా ఆటలు యానిమేషన్ మ్యాజిక్ అనే అమెరికా సంస్థవి, మూడోది విరిడిస్ చేసింది, హోటల్ మారియో ఫిలిప్స్ సొంత స్టూడియోది.

అపోహ: ఇది ఆటల కోసం చేసిన కన్సోల్, ఆ పనిలో ఓడిపోయింది

టీవీకి తగిలించి ఎన్‌సైక్లోపీడియా తిరగేయడానికి, పిల్లలకు బొమ్మల పుస్తకాలు చూపించడానికి, ఉద్యోగులకు శిక్షణ ఇవ్వడానికి, షోరూముల్లో సరుకు వివరాలు చూపడానికి రూపొందించిన యంత్రం ఇది. ఫ్లాపీ డ్రైవ్ ఉన్న ప్రొఫెషనల్ మోడళ్లు కూడా చేశారు. ఫిలిప్స్ ఒక్కటే కాదు, సోనీ, గోల్డ్‌స్టార్, క్యోసెరా, గ్రుండిగ్ కూడా ప్లేయర్లు తెచ్చాయి. లోపల నడిచేది మైక్రోవేర్ వాళ్ల ఓఎస్-9 మీద కట్టిన ఆపరేటింగ్ సిస్టమ్. అమ్మకాలు అనుకున్నంత లేక, ఫిలిప్స్ ఆ తర్వాతే ఆటలను ముందుకు నెట్టింది. వ్యాపారంగా ఇది దెబ్బతిన్న మాట నిజమే.

అపోహ: హార్డ్‌వేర్ చేతకానిది, అందుకే బొమ్మలు అలా ఉన్నాయి

ఇక్కడ కాస్త లెక్క చూడాలి. సీడీ-ఐ డ్రైవ్ సింగిల్ స్పీడ్. సెకనుకు 75 సెక్టార్లు (డిస్కు మీద డేటాను విడగొట్టిన చిన్న ముక్కలు) చదువుతుంది, అంతకు మించదు. బొమ్మ, మాట, సంగీతం, ప్రోగ్రాం అన్నీ ఆ 75లోనే సర్దుకోవాలి. శబ్దానికి మూడు స్థాయిలు ఇచ్చారు. ఎ-లెవల్ స్టీరియో సగం సెక్టార్లు తీసుకుంటుంది, బి-లెవల్ స్టీరియో నాలుగో వంతు, సి-లెవల్ మోనో పదహారో వంతు. సి-లెవల్ మోనోలో పదహారు వేర్వేరు గొంతులు ఒకే డిస్కులో పక్కపక్కన నడపొచ్చు. ఎన్నో భాషల్లో వ్యాఖ్యానం పెట్టడానికి ఈ ఏర్పాటు అద్భుతంగా పనికొచ్చింది.

ఇప్పుడు బొమ్మ సంగతి. యూరప్‌లోనూ మన దేశంలోనూ వాడిన పాల్ (PAL) పద్ధతి టీవీలో నిండు తెర 384×280 పిక్సెళ్లు. ఫొటోలాంటి బొమ్మకు వాడే డీవైయూవీ పద్ధతిలో పిక్సెల్‌కు ఒక బైటు, అంటే 1,07,520 బైట్లు. 2,324 బైట్ల సెక్టార్లలో సర్దితే 47 సెక్టార్లు. బి-లెవల్ స్టీరియో సంగీతం నడుస్తుంటే బొమ్మకు సెకనుకు 56 సెక్టార్లే మిగులుతాయి. ఒక్క నిండు బొమ్మ రావడానికే 0.8 సెకను దాటుతుంది. ఈ వేగంతో సినిమా కదలదు. అందుకే కార్టూన్లలో చదునైన రంగులు, తెరలో కొంత భాగంలోనే కదలిక కనిపిస్తాయి. ఒకే రంగు వరసగా ఉన్నచోట తక్కువ బైట్లు పట్టే ఆర్ఎల్ఈ పద్ధతికి అలాంటి బొమ్మలే అనుకూలం.

ఆటలకు అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. 68070 ప్రాసెసర్, 1 మెగాబైట్ మెమరీ ఆ కాలానికి తక్కువేం కాదు. కానీ స్ప్రైట్ల కోసం, అంటే తెర మీద కదిలే చిన్న బొమ్మల కోసం, ప్రత్యేక సర్క్యూట్ లేదు, 16×16 పిక్సెళ్ల కర్సర్ ఒక్కటే ఉంది. తెర మీద పరిగెత్తే ప్రతి పాత్రనూ ప్రాసెసరే గీయాలి. దీన్ని అర్థం చేసుకుని రాసినవాళ్లు మంచి ఆటలు చేశారు. డచ్ సంస్థ విజన్ ఫ్యాక్టరీ చేసిన ది అప్రెంటిస్ ఒక్కటి చూసినా ఈ యంత్రం మీద అభిప్రాయం మారుతుంది.

అపోహ: వీసీడీ ఏ సీడీ-ఐలోనైనా ఆడుతుంది

చాలా మోడళ్లలో డిజిటల్ వీడియో కార్ట్రిడ్జ్ ఉంటేనే ఆడుతుంది. ఎంపెగ్-1 వీడియోను విప్పే చిప్పులు, అదనపు మెమరీ ఆ కార్ట్రిడ్జ్‌లో ఉంటాయి. ది సెవెన్త్ గెస్ట్, బర్న్:సైకిల్ లాంటి ఆటలు అది లేకుండా నడవవు. ప్లేయర్ కొనేటప్పుడు వెనక స్లాట్ ఖాళీగా ఉందా, కార్ట్రిడ్జ్ ఉందా అని ముందే అడగండి. విడిగా కొంటే మోడల్ నంబరు సరిచూసుకోండి, ఒకే కార్ట్రిడ్జ్ అన్ని ప్లేయర్లలోనూ పట్టదు.

దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. వీసీడీ ప్రమాణం రాకముందు ఫిలిప్స్ విడుదల చేసిన సినిమా డిస్కులు గ్రీన్ బుక్ పద్ధతివి. అవి మామూలు వీసీడీ ప్లేయర్‌లో ఆడవు. డిస్కు పాడైందనుకుని పారేయకండి.

అపోహ: ఐఎస్ఓ ఫైలు చేసుకుంటే డిస్కు భద్రం

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇది. డిస్కును ఒకే ఫైలుగా కాపీ చేసే ఐఎస్ఓ పద్ధతి సెక్టార్‌కు 2,048 బైట్లే దాచుకుంటుంది. సీడీ-ఐలో ప్రోగ్రాం, మామూలు ఫైళ్లు ఉండే ఫారం-1 సెక్టార్‌కు ఆ కొలత సరిపోతుంది. శబ్దం, వీడియో ఉండే ఫారం-2 సెక్టార్‌లో 2,324 బైట్లు ఉంటాయి. ఐఎస్ఓ చేస్తే ఒక్కో దానిలో 276 బైట్లు పోతాయి. అంతకన్నా ముఖ్యంగా, ప్రతి సెక్టార్ ముందు 8 బైట్ల సబ్‌హెడర్ ఉంటుంది. ఈ సెక్టార్ ఏ ఛానల్‌ది, శబ్దమా, బొమ్మా, డేటానా అని చెప్పేది అదే. అది పోతే ఆట మొదలైనట్టే మొదలై, మొదటి మాట దగ్గరే మూగబోతుంది లేదా తెర ఆగిపోతుంది.

అందుకే సెక్టార్‌ను ఏమీ వదలకుండా మొత్తం 2,352 బైట్లూ తీసే రా మోడ్‌లో బిన్-క్యూ జతగా (డేటాకు .bin, ట్రాకుల వివరాలకు .cue ఫైలు) తీయాలి. 74 నిమిషాల నిండు డిస్కుకు ఫైలు దాదాపు 783 మెగాబైట్లు వస్తుంది. 680 దగ్గర ఆగిందంటే ఏదో కోసుకుపోయిందని అర్థం.

ఇంకో రెండు చిక్కులు. అసలు సీడీ-ఐ డిస్కులో డేటా ట్రాక్ విషయసూచికలో నమోదై ఉండదు. విండోస్ దాన్ని ఖాళీ డిస్కులా చూపించవచ్చు, అంతమాత్రాన డిస్కు చెడిపోయినట్టు కాదు. సెక్టార్ నంబరుతో చదివే సాఫ్ట్‌వేర్ వాడాలి. రెండోది సీడీ-ఐ రెడీ రకం. అందులో మొదటి పాటకు ముందున్న ఖాళీలోనే ప్రోగ్రాం అంతా దాచి ఉంటుంది. మామూలుగా కాపీ చేస్తే పాటలు వస్తాయి, ప్రోగ్రాం రాదు. ఆ ఖాళీని చదవగల డ్రైవ్‌తో తీసి, ఫైలు పరిమాణం సరిచూసుకోవాలి.

తిరిగి రాసేటప్పుడు సీడీ-ఆర్ వాడండి. సీడీ-ఆర్‌డబ్ల్యూ కాంతిని చాలా తక్కువగా వెనక్కి పంపుతుంది, ఆ కాలపు లేజర్లు దాన్ని పట్టుకోలేవు.

అపోహ: ప్లేయర్ మొదలవ్వట్లేదంటే లేజర్ పోయినట్టే

చాలా ఫిలిప్స్ మోడళ్లలో ముందు అనుమానించాల్సింది ఎం48టీ08 అనే టైమ్‌కీపర్ చిప్‌ను. గడియారం, 8 కిలోబైట్ల సేవ్ మెమరీ, లిథియం బ్యాటరీ మూడూ ఆ 28 కాళ్ల ఐసీలోనే పోతపోసి ఉంటాయి. బ్యాటరీ అయిపోతే తేదీ నిలవదు, సేవ్‌లు పోతాయి, కొన్ని ప్లేయర్లు నల్ల తెర దాటి ముందుకే వెళ్లవు.

బాగుచేయడానికి ముందు ఐసీని బోర్డు నుంచి విప్పి, దాని చోట 28 కాళ్ల సాకెట్ వేయండి. 14వ కాలు గ్రౌండ్, ఎక్కువ వేడి లాగేస్తుంది. తొందరపడి లాగితే బోర్డు మీది రాగి గీత లేచి వస్తుంది. మూత మూసే ముందు సాకెట్ ఎత్తు చూసుకోండి. కొత్త ఐసీ కొంటే పైనున్న తేదీ కోడ్ చదవండి. కొత్తదని అమ్మేవాటిలో చాలావరకు పాత సరుకే, లోపలి బ్యాటరీ వయసు కూడా అంతే. లేదంటే పాత ఐసీ పై పొరను సన్నని గ్రైండర్ మొనతో కొద్దికొద్దిగా అరగదీసి, బ్యాటరీ కాళ్లు రెండూ బయటపడ్డాక ప్లస్, మైనస్ మల్టీమీటర్‌తో గుర్తించి, సీఆర్2032 హోల్డర్ అతకాలి. పాత బ్యాటరీ కనెక్షన్ కోసేయడం మరవద్దు. కోయకపోతే చచ్చిన సెల్లు కొత్తదాన్ని తాగేస్తుంది. రెండో చివర గడియారం క్రిస్టల్ ఉంటుంది, లోతుగా అరగదీస్తే గడియారం పోతుంది.

ఆ తర్వాతే డిస్కు చదివే భాగానికి రండి. ట్రే ఉన్న మోడల్ అయితే సాగిన బెల్టు, పట్టాల మీద ఎండిపోయిన గ్రీజు, లెన్స్ మీద దుమ్ము, ఈ వరసలో చూడండి. 450 మోడల్‌కు పైమూతే, ట్రే బెల్టు బాధ లేదు. లేజర్ పవర్ స్క్రూ తిప్పడం చిట్టచివరి పని.

అపోహ: ఏ దేశంలో కొన్నా ఇక్కడ తగిలించుకోవచ్చు

డిస్కులకు దేశాల తాళం లేదు, ఆ మేరకు నిజం. యూరప్ యంత్రంలో అమెరికా డిస్కు నడుస్తుంది, మహా అయితే బొమ్మ అంచులు తేడాగా కనిపిస్తాయి. కరెంటు మాత్రం వేరు. అమెరికా మోడళ్లు 120 వోల్టులవి. మన 230 ప్లగ్గులో నేరుగా పెడితే పవర్ సప్లై కాలిపోతుంది. యంత్రం వెనక రాసిన వాట్లకు రెట్టింపు సామర్థ్యమున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. అమెరికాలో ఉన్న బంధువుల చేత తెప్పించుకునేవాళ్లు దీన్ని తప్పకుండా గుర్తుంచుకోవాలి.

అపోహ: ఆటలు చేతికి లొంగవు

రిమోట్‌తో ఆడి చెప్పే మాట ఇది. ఇన్‌ఫ్రారెడ్ రిమోట్‌కు స్పందన ఆలస్యంగా అందుతుంది. పెట్టెలో వచ్చిన రిమోట్‌ను ఎన్‌సైక్లోపీడియా తిప్పడానికి ఉంచుకుని, ఆటలకు వైరు ఉన్న గేమ్‌ప్యాడ్ తగిలించండి. బటన్లు పనిచేయట్లేదని దాన్ని విప్పే ముందు ఒకటి చూడండి. సీడీ-ఐలో ఉన్నవి రెండే చర్య బటన్లు. రెండూ కలిసి నొక్కినట్టు అందితే దాన్ని మూడో బటన్‌గా తీసుకునే ఆటలు ఉన్నాయి. గేమ్‌ప్యాడ్‌లో మూడో బటన్ పంపేది కూడా అదే సంకేతం.