పాత కెర్నల్ మీద కొత్త గ్లిబ్‌సీ: అపోహలు - వాస్తవాలు

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల నేను చూసే సర్వర్లలో సెంటోస్ 7 అనే లైనక్స్ ఓఎస్ ఇంకా ఉంది. దానికి సపోర్ట్ 2024 జూన్‌తోనే అయిపోయింది. ఓఎస్ మారుద్దామంటే ‘యార్డుకి వేసవి సెలవులు ఇచ్చాక చూద్దాంలే’ అంటారు. సీజన్లో బిల్లింగ్ ఆగితే కాటా దగ్గర లారీలు నిలిచిపోతాయి మరి. అందుకని కింద పాత కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపే ఓఎస్ గుండెకాయ) ఉంచి, పైన కొత్త సాఫ్ట్‌వేర్, దానితోపాటు కొత్త గ్లిబ్‌సీ (ప్రోగ్రామ్‌లు కెర్నల్‌తో మాట్లాడేందుకు వాడే మూల లైబ్రరీ) ఎక్కించమంటారు. అప్పుడు వినిపించే మాటలివి.

అపోహ: డాకర్‌లో పెడితే కింద ఏ కెర్నల్ ఉన్నా ఒకటే.

వాస్తవం: డాకర్ అంటే ప్రోగ్రామ్‌ని, దానికి కావాల్సిన లైబ్రరీలతో సహా కంటైనర్ అనే పెట్టెలో పెట్టి నడిపేది, ఆ పెట్టెకి అచ్చు ఇమేజ్. కంటైనర్‌లో కెర్నల్ ఉండదు. లైబ్రరీలు ఇమేజ్‌వి, కెర్నల్ కింద ఉన్న సర్వర్‌ది, అంటే హోస్ట్‌ది. ఉబుంటు 22.04 ఇమేజ్‌లో గ్లిబ్‌సీ 2.35 ఉంటుంది, సెంటోస్ 7లో కెర్నల్ 3.10. లెక్కప్రకారం ఇబ్బంది రాకూడదు, ఆ గ్లిబ్‌సీకి కెర్నల్ 3.2 ఉంటే చాలు, 3.10 దానికన్నా కొత్తదే. అయినా పాత డాకర్ ఉన్నచోట కంటైనర్ లేవదు.

గ్లిబ్‌సీ 2.34 నుంచి కొత్త థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో పక్కపక్కన నడిచే పని) కోసం ముందుగా క్లోన్3 అనే సిస్టమ్ కాల్‌ని (కెర్నల్‌కి పెట్టే విన్నపం) అడుగుతుంది. అది వచ్చింది కెర్నల్ 5.3లో. పాత కెర్నల్ ‘అలాంటిది నా దగ్గర లేదు’ అంటే గ్లిబ్‌సీ మారుమాట లేకుండా పాత క్లోన్ వాడుకుంటుంది. కానీ మధ్యలో, భద్రత కోసం ఏ సిస్టమ్ కాల్‌ని వదలాలో తేల్చే డాకర్ సెక్‌కాంప్ ఫిల్టర్ ఉంది. తెలియని కాల్ కనిపిస్తే అది ‘పర్మిషన్ లేదు’ అనేది. ఆ జవాబు వస్తే గ్లిబ్‌సీ ఇక ప్రయత్నించదు. డాకర్ 20.10.10లో దీన్ని సరిచేశారు. అంటే కెర్నల్ జోలికి వెళ్లక్కర్లేదు, డాకర్ అప్‌డేట్ చేస్తే పనైపోతుంది. సెక్‌కాంప్‌నే తీసేసి నడిపించేవాళ్లున్నారు, ఆ పని మాత్రం చేయకండి.

అపోహ: ‘ఫైల్ దొరకలేదు’ అంటే ఫైల్ లేనట్టే.

వాస్తవం: విండోలు, బటన్లున్న ప్రోగ్రామ్‌లు వాడే క్యూటీ5 కోర్ లైబ్రరీ ఇక్కడే బుర్ర తినేస్తుంది. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్ కొడితే ఫైల్ ఎదురుగానే ఉంటుంది, ప్రోగ్రామ్ మాత్రం లేదంటుంది. ఫలానా కెర్నల్‌కి తగ్గితే పనికిరాదని ఆ లైబ్రరీ లోపలే ఏబీఐ ట్యాగ్ అనే గుర్తు ఉంటుంది. కెర్నల్ అంతకన్నా పాతదైతే, లైబ్రరీలు వెతికి ఎక్కించే లోడర్ ఆ ఫైల్‌ని చూడనట్టే వదిలేస్తుంది. రీడ్‌ఎల్ఫ్ మైనస్ ఎన్ (readelf -n) అనే కమాండ్ కొడితే ఆ నంబర్ కనిపిస్తుంది. స్ట్రిప్ కమాండ్‌తో ట్యాగ్ తీసేస్తే లోడ్ అవుతుంది గానీ, కెర్నల్‌లో లేని సిస్టమ్ కాల్ కొత్తగా పుట్టుకురాదు. టెస్ట్ చేసుకోకుండా లైవ్‌లో పెట్టొద్దు.

అపోహ: కెర్నల్ నంబర్ చూస్తే అంతా తెలిసిపోతుంది.

వాస్తవం: డాకర్ ఇమేజ్ పొరల్ని ఒక్కటిగా చూపే ఓవర్‌లేఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ అసలు కెర్నల్‌లో చేరింది 3.18లో. సెంటోస్ 7 వాళ్ల 3.10లోనూ ఉంది, సెంటోస్‌కి మూలమైన లైనక్స్ తయారుచేసే రెడ్ హ్యాట్ కంపెనీ వెనక్కి తెచ్చి కలిపింది. అంటే నంబర్ పాతదైనా లోపల కొత్త ఫీచర్ ఉండొచ్చు.

అపోహ: ‘గ్లిబ్‌సీ 2.34 నాట్ ఫౌండ్’ అని వస్తే కెర్నల్ పాతదన్నమాట.

వాస్తవం: కెర్నల్‌కి దీనితో సంబంధమే లేదు. కెర్నల్ నచ్చకపోతే ‘కెర్నల్ టూ ఓల్డ్’ అని వేరే ఎర్రర్ వస్తుంది. ఇక్కడ ప్రోగ్రామ్‌ని కొత్త గ్లిబ్‌సీ మీద బిల్డ్ చేశారు, మీ దగ్గర పాతది ఉంది, అంతే. ఎక్కడినుంచో కొత్త లైబ్రరీ తెచ్చి పాతదాని మీద కాపీ చేశారో, ఎల్ఎస్, సీపీ లాంటి మామూలు కమాండ్లు కూడా పలకవు, రెస్క్యూ డిస్కే గతి. ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లకి ఫోన్ చేసి, సెంటోస్ 7 కంటైనర్‌లో మళ్లీ బిల్డ్ చేసి పంపమనండి.