లోడరు ఒక ట్రాక్టరు నుంచి ఇంకో ట్రాక్టరుకి: అపోహలు - వాస్తవాలు

దాళ్వా కోతలు అయ్యి, మెరక పనులు, చెరువు గట్ల పనులు మొదలయ్యే రోజుల్లో షెడ్డుకి ఒకటే ప్రశ్న వస్తుంది. పాత ట్రాక్టరు అమ్మేశారు, ముందు బకెట్‌తో మట్టి ఎత్తే ఫ్రంట్ లోడరు మాత్రం ఉంచుకున్నారు. కొత్త బండి కూడా 45 హెచ్‌పీయే. "బ్రాకెట్లు కాస్త కోసి అతికిస్తే సరిపోద్ది కదండీ?" అని అడుగుతారు. సరిపోదండి. ఆ మాట నమ్మినవాళ్ళ బళ్ళే తర్వాత రెండు ముక్కలుగా విడగొట్టాల్సి వస్తోంది.

అపోహ: హెచ్‌పీ కుదిరితే లోడరు కుదిరినట్టే. బ్రాకెట్లు వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు.

వాస్తవం: హెచ్‌పీ ఇంజను బలం. లోడరుని మోసేది ఇంజను బలం కాదు, బండి ఒళ్ళు. లారీకి ఉన్నట్టు మన ట్రాక్టర్లలో చాలావాటికి విడిగా ఛాసిస్ ఉండదు. ముందు యాక్సిల్ సపోర్టు, ఇంజను, క్లచ్ హౌసింగ్, గేరుబాక్సు, వెనక యాక్సిల్ హౌసింగ్ ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటాయి. అదే బండి వెన్నెముక, అదీ చాలావరకు బీడు, అంటే పోత ఇనుము. బీడు నొక్కితే ఓర్చుకుంటుంది, వంచితే చెప్పకుండా చిట్లుతుంది.

బ్రాకెట్లు ఇంజను పక్కనా ముందు సపోర్టు మీదా మాత్రమే బిగించారనుకోండి. బకెట్ మట్టిలో దూరి బండి తోసిన ప్రతిసారీ ఆ వంపంతా ఇంజనూ క్లచ్ హౌసింగూ కలిసే అతుకు మీదే పడుతుంది. మొదట అక్కడి బోల్టులు వదులవుతాయి, తర్వాత అతుకు వెంట నూనె చెమ్మ కనిపిస్తుంది, ఆపైన బోల్టు చెవి దగ్గర వెంట్రుకంత పగులు. చెమ్మ కనిపించిన రోజే పని ఆపితే బోల్టులతో పోతుంది, ఆపకపోతే హౌసింగ్ మార్చాల్సిందే.

అందుకే రెండు పక్కలా లోడరుని మోసే ఇనప చట్రం (సబ్‌ఫ్రేమ్) ముందు సపోర్టు నుంచి వెనక యాక్సిల్ హౌసింగ్ దాకా వెళ్ళాలి. మధ్యలో కంపెనీవాళ్ళు ఇచ్చిన రంధ్రాలకే పట్టుకోవాలి. ఆ రంధ్రాలు ఒకే కంపెనీలో కూడా మోడల్‌కీ మోడల్‌కీ మారిపోతాయి. లోడరు చేతులు, బకెట్, వాటిని నూనె ప్రెషర్‌తో కదిలించే జాకీలు పాతవే వాడుకోవచ్చు గానీ మౌంటింగ్ కిట్టు మాత్రం కొత్త బండి మోడల్‌ది కొనండి. దొరక్కపోతే ముందు అట్టతో అచ్చు తీసి, తర్వాత 16 నుంచి 20 మిల్లీమీటర్ల ప్లేటు కోయించాలి. రంధ్రాలు గ్యాసుతో కాల్చకూడదు, డ్రిల్లు వెయ్యాలి. గ్యాసు రంధ్రం గుండ్రంగా రాదు, బోల్టు అందులో ఆడి ఆడి తెగుతుంది.

అందరూ మర్చిపోయేది బోల్టు పొడవు. మధ్యలో 20 మిల్లీమీటర్ల ప్లేటు వచ్చిందంటే పాత బోల్టు బీడులోకి అంత తక్కువ దూరుతుంది. రెండు చుట్లు పట్టి గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది, నాలుగు బకెట్లకి మర పోతుంది. 16 మిల్లీమీటర్ల బోల్టు బీడులో కనీసం 24 మిల్లీమీటర్లు దిగాలి, తల మీద 10.9 అని (అది బోల్టు బలం గ్రేడు) ఉండాలి. టార్క్ రెంచితో బిగించండి. 10 గంటలు పనిచేశాక ఒకసారి, 50 గంటలకి ఇంకోసారి మళ్ళీ బిగించాలి. హౌసింగ్ మీద నేరుగా వెల్డింగ్ పెట్టనివ్వకండి. అతుకు పక్కన బీడు గాజులా పెళుసెక్కి అక్కడే పగులుతుంది.

బిగించే ముందు టేపు పట్టుకుని బండి చుట్టూ తిరగండి. ముందు యాక్సిల్ ఒక పక్కకి పూర్తిగా ఒరిగి ఉండగా స్టీరింగ్ ఆ చివర్నించి ఈ చివరిదాకా తిప్పితే టైరు లోడరు చేతులకి తగులుతోందా? బానెట్ తెరుచుకుంటోందా, సైలెన్సరూ డీజిల్ ఫిల్టరూ అడ్డమా, నూనె గేజి పుల్ల బయటికి వస్తోందా? ఫోర్ వీల్ డ్రైవ్ అయితే కింద షాఫ్టుకి చోటుందా? చేతుల పిన్ను పాత బండి కంటే 8 సెంటీమీటర్లు ఎత్తయితే బకెట్ నేలకి సరిగా ఆనదు.

అపోహ: ముందు బరువు పెరిగింది కాబట్టి ముందు వెయిట్లు ఉండాలి.

వాస్తవం: అవి తీసేయండి. బరువు వెనక కావాలి. చక్రాల మధ్య దూరం 2 మీటర్లు, ముందు యాక్సిల్‌కి బకెట్ 1.5 మీటర్ల ముందు, బకెట్‌తో కలిపి బరువు 500 కిలోలు, అంటే ధాన్యం బస్తాలు ఆరున్నర అనుకోండి. ముందు యాక్సిలే ఊత అవుతుంది. దాని మీద పెరిగేది 500 కాదు, 875 కిలోలు. వెనక 375 తగ్గుతుంది. టూ వీల్ డ్రైవ్ బండికి బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. గట్టు దిగేటప్పుడు బ్రేకు తొక్కినా బండి జారుతోందంటే కారణం ఇదే.

వెనక యాక్సిల్‌కి మీటరు వెనకగా, పనిముట్లు తగిలించే లింకులకి 400 కిలోలు తగిలిస్తే వెనక 600 పెరుగుతుంది, ముందు 200 తగ్గుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు 55 సెంటీమీటర్లుగా పోసిన కాంక్రీటు దిమ్మ సుమారు అంతే తూగుతుంది. రోటావేటరు ఉంటే అదీ పనికొస్తుంది. నిండు బకెట్‌తో వాలు దిగాలంటే బకెట్ నేలకి దగ్గరగా పెట్టి, వెనక్కి దిగండి.

అపోహ: ట్రక్కు లేపే పైపు ఉంది కదా, అదే తగిలిస్తే చాలు.

వాస్తవం: ట్రక్కు జాకీ ఒకవైపే తోస్తుంది, దాని బరువుకి అదే దిగుతుంది. బకెట్‌ని రెండు వైపులా తిప్పాలి కాబట్టి రెండు స్పూళ్ళ వాల్వు (చేతులకొకటి, బకెట్‌కొకటి నూనె దారి మార్చేది) కావాలి. వెనక లిఫ్టు కూడా పనిచెయ్యాలంటే ఆ వాల్వుకి పవర్ బియాండ్ దారి, అంటే నూనెని ప్రెషర్‌తోనే ముందుకి పంపే దారి ఉండాలి. అది లేని వాల్వుకి నూనె తిరిగి పోయే రిటర్న్ పైపుని తెచ్చి లిఫ్టుకి కలిపితే, లిఫ్టు లేపినప్పుడల్లా ప్రెషర్ వెనక్కి తన్ని సీళ్ళు పోతాయి, ఒక్కోసారి వాల్వు ఒళ్ళే పగులుతుంది. రిటర్న్ ఎప్పుడూ నేరుగా నూనె ఉన్నచోటికే వెళ్ళాలి. ఫెర్గూసన్ పద్ధతి లిఫ్టున్న పాత బళ్ళకి పంపు గేరుబాక్సు వైపే ఉంటుంది, నూనె నిరంతరం తిరగదు. వాటికి క్రాంకు నుంచి నడిచే వేరే పంపూ ట్యాంకూ పెట్టుకోవడం మేలు.

"నెమ్మదిగా లేస్తోంది, ప్రెషర్ పెంచండి" అంటారు. బలం ప్రెషర్‌ది, వేగం లీటర్లది. లోపల 60 మిల్లీమీటర్లు, 60 సెంటీమీటర్ల స్ట్రోకు ఉన్న రెండు జాకీలకి 3.4 లీటర్లు కావాలి. పంపు నిమిషానికి 17 లీటర్లు ఇస్తే 12 సెకన్లు, 34 ఇస్తే 6. ప్రెషర్‌కి హద్దు పెట్టే రిలీఫ్ వాల్వు బిగిస్తే ఒక్క సెకను కూడా తగ్గదు, పంపు అరిగిపోతుంది. కొత్త జాకీలూ పైపులూ నిండేసరికి గేరుబాక్సులో నూనె తగ్గుతుంది. బకెట్ నేల మీద పెట్టి చూసుకుని, అదే రకం నూనె పొయ్యండి.

మిగతావి చకచకా. పవర్ స్టీరింగ్ లేని బండికి లోడరు వద్దు. మన రేగడి తడిస్తే ఘనపు మీటరు 1900 కిలోల దాకా తూగుతుంది, ఎరువు కోసం చేసిన 0.3 ఘనపు మీటర్ల బకెట్‌లో అదే 570 కిలోలు, సగమే నింపండి. లేపిన బకెట్ కింద నట్టు బిగించడానికైనా దూరకండి, పైపు ఒక్కటి తెగితే చాలు. లీకు ఎక్కడుందో చేత్తో తడమకండి, అట్టముక్క పెట్టి చూడండి. సన్నని రంధ్రంలోంచి వచ్చే నూనె చర్మంలోకి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపించినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళి, హైడ్రాలిక్ నూనె లోపలికి వెళ్ళిందని డాక్టరుకి చెప్పండి.