హైదరాబాద్‌లో ‘మంచి ఏరియా’ల వెనక నూటపదేళ్ల చరిత్ర

ఊళ్లో ఆడపిల్లకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిందంటే ఇంట్లోవాళ్లకు మొదటి టెన్షన్ జీతం గురించి కాదు, ఎక్కడ ఉంటుందన్న దాని గురించి. తెలిసినవాళ్లందరికీ ఫోన్లు వెళ్తాయి. వచ్చే జవాబులు కూడా ఇంచుమించు ఒకటే: మాదాపూర్, గచ్చిబౌలి అయితే పర్లేదు, కూకట్‌పల్లిలో మనవాళ్లుంటారు, ఎల్బీనగర్ దూరమైపోతుంది, పాతబస్తీ వైపు మాత్రం వద్దు. ఇలా చెప్పేవాళ్లలో చాలామంది పాతబస్తీలో ఒక్క రాత్రి కూడా గడిపినవాళ్లు కారు. తమకు ఎవరో చెప్పింది తామూ చెబుతున్నారు, అంతే.

ఏరియాల మధ్య తేడాలు లేవని కాదు. ఉన్నాయి, పెద్దవే ఉన్నాయి. కాకపోతే అవి అక్కడుండే మనుషుల స్వభావం వల్ల వచ్చినవి కావు. డ్రైనేజీ ముందు ఎవరికి వేశారు, నీళ్లు ఎటు మళ్లించారు, ఉద్యోగాలు ఎక్కడ పెట్టారు, ఏ పోలీస్ స్టేషన్ పరిధి ఎంతవరకు గీశారు అన్నవాటి వల్ల వచ్చినవి.

ఈ కథ 1908 సెప్టెంబర్ 28 నుంచి మొదలుపెట్టాలి. ఆ రోజు మూసీ పొంగి ఊరిని ముంచేసింది. దాదాపు 15 వేల మంది చనిపోయారని, 19 వేల ఇళ్లు కూలిపోయాయని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహా మేరకు కట్టినవే ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927). వరద ఆపడానికి కట్టిన ఆ రెండు చెరువులే నగరానికి తాగునీరు కూడా ఇచ్చాయి.

వరద తర్వాత కొద్ది ఏళ్లకే ప్లేగు వచ్చింది. ఇరుకు గల్లీలు, మురుగు, ఎలుకలు అన్నీ పాలకుల దృష్టికి వచ్చాయి. 1912లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. పత్తర్‌గట్టీలో ఇవాళ మనం చూసే రాతి కమాన్ల దుకాణాల వరుస, మొజంజాహీ మార్కెట్, మల్లేపల్లి లాంటి చోట్ల కట్టిన ఇళ్లు ఆ బోర్డు పనులే. మురికివాడ తీసేసి, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టి పేదలకు అద్దెకివ్వాలన్న ఆలోచన మన దగ్గర అంత ముందే జరిగిందంటే నాకు ఇప్పటికీ గౌరవంగానే ఉంటుంది.

అయితే ఆ కాలంలోనే ఇంకో మార్పు నెమ్మదిగా జరిగింది. వరదను, ప్లేగును చూసిన ఉన్నవాళ్లు నది దాటి ఉత్తరానికి జరిగారు. ఆరో నిజాం పురానీ హవేలీలో ఉండేవాడు. ఏడో నిజాం మాత్రం నదికి ఇవతల కింగ్ కోఠీలో ఉన్నాడు. ప్రభువు ఎక్కడుంటే అమీర్లు అక్కడ. ఇటువైపు అప్పటికే బ్రిటిష్ రెసిడెన్సీ ఉంది, సుల్తాన్‌బజార్ 1933 దాకా బ్రిటిష్ వాళ్ల అధికారం కిందే నడిచింది, ఆపైన సికింద్రాబాద్ కంటోన్మెంట్. 1930ల నాటికి బంజారాహిల్స్ రాళ్లగుట్టల మీద కూడా బంగళాలు లేవడం మొదలైంది. చార్మినార్ చుట్టూ అమీర్ల పాత భవనాలు, అదే దేవిడీలు మిగిలాయి కానీ వాటిల్లో ఉండే పలుకుబడి కాస్తా ఊరు దాటింది.

పాతబస్తీకి అసలు దెబ్బ 1948 తర్వాత తగిలింది. పోలీస్ యాక్షన్‌తో నిజాం సైన్యం రద్దయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దారీ వ్యవస్థ పోవడం న్యాయమే, దానిలో రెండో మాట లేదు. కానీ దాన్ని నమ్ముకుని బతికిన గుమాస్తాలు, జవాన్లు, దర్జీలు, వంటవాళ్లు, బండ్లు తోలేవాళ్లు వేల కుటుంబాలుగా పాతబస్తీ గల్లీల్లో ఉన్నారు. వాళ్లకు ఇంకో దారి చూపించినవాళ్లు లేరు. ప్రభుత్వ కచేరీల్లో ఉర్దూ పోయేసరికి ఉర్దూలో చదువుకున్నవాళ్లకు సర్కారు కొలువు కూడా దూరమైంది. 1956లో హైదరాబాద్ ఆంధ్రప్రదేశ్ రాజధాని అయ్యాక కొత్త ఆఫీసులు, కొత్త కాలేజీలు, కొత్త కాలనీలు అన్నీ నదికి ఇవతలే వచ్చాయి. పాతబస్తీ కోసం ప్రత్యేకంగా కులీ కుతుబ్‌షా పట్టణాభివృద్ధి సంస్థను పెట్టింది 1981లో. అప్పటికే ఒక తరం గడిచిపోయింది. ఈ మధ్యలో చాలా ఇళ్లను నిలబెట్టింది గల్ఫ్ నుంచి వచ్చిన డబ్బు.

పాతబస్తీ అంటే భయం అన్న మాట ఈ కాలంలోనే పాతుకుంది. 1978 మార్చిలో రమీజాబీ ఘటన జరిగింది. పోలీసుల చేతుల్లో ఒక స్త్రీ మీద అత్యాచారం, ఆమె భర్త మరణం, ఆపైన ఊరంతా అట్టుడకడం. అది జరిగింది నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో, పాతబస్తీలో కాదు. ఆ తర్వాత పదేళ్లకు పైగా గొడవలు, కర్ఫ్యూలు మామూలైపోయాయి. 1990 డిసెంబర్‌లో వందమందికి పైగా చనిపోయారు. కత్తిపోట్ల వార్తలు వినీ వినీ జనం విసిగిపోయి కదిలారు: పాతబస్తీ హిందూ కుటుంబాలు చాలా వరకు దిల్‌సుఖ్‌నగర్ వైపో ఇంకోవైపో వెళ్తే, తాము తక్కువమందిగా ఉన్న చోట భయపడ్డ ముస్లిం కుటుంబాలు పాతబస్తీకో టోలీచౌకీకో చేరాయి. కలిసి బతికిన గల్లీలు అలా విడిపోయాయి. ఆ రోజుల్లో కర్ఫ్యూ పాస్ కోసం నిలబడ్డవాళ్లకు ఇప్పుడు మనవలున్నారు, భయం మాత్రం అప్పటిదే చెబుతున్నారు. రంజాన్ నెలలో ఒకసారి మదీనా సెంటర్ నుంచి చార్మినార్ దాకా నడిచి చూడండి. రాత్రి ఒంటిగంటకు చంటిపిల్లల్ని ఎత్తుకుని ఆడవాళ్లు గాజుల బేరాలాడుతుంటారు. అదే టైముకు పడమటి వైపు ఖరీదైన కోకాపేటలో కొత్తగా వేసిన సర్వీసు రోడ్డు మీద పలకరించే మనిషి కూడా దొరకడు.

ఇక మిగతా నగరం ఎలా పెరిగిందో త్వరగా చెప్పుకోవచ్చు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి రెండు దశాబ్దాల్లో ప్రభుత్వరంగ కంపెనీలు వచ్చాయి. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్‌లో ఐడీపీఎల్, కుషాయిగూడ దగ్గర ఈసీఐఎల్. వాటి చుట్టూ ఉద్యోగుల కాలనీలు. హౌసింగ్ బోర్డు కూకట్‌పల్లిలో పెద్ద కాలనీ కట్టింది. జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ఊరి బస్సు వచ్చే దారి వెంటే ఇళ్లు చూసుకున్నారు. విజయవాడ రోడ్డువాళ్లు వనస్థలిపురం, హయత్‌నగర్. వరంగల్ వాళ్లు ఉప్పల్, ఘట్‌కేసర్. కరీంనగర్ వాళ్లు అల్వాల్. పండక్కి ఊరెళ్లడానికి బస్టాండ్ దాకా పోనక్కర్లేదు, ఇంటి ముందు రోడ్డు మీదే బస్సు ఎక్కొచ్చు. ‘మనవాళ్లుంటారు’ అన్న సలహా వెనక ఉన్నది ఇదే.

జీడిమెట్ల, పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల సంగతి వేరు. మందుల కంపెనీలు ఉపాధి ఇచ్చాయి, దాంతోపాటు చుట్టుపక్కల బోర్లలో రంగు మారిన నీళ్లూ ఇచ్చాయి. దేశంలో తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల జాబితాలో 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు-బొల్లారాన్ని చేర్చింది. అక్కడ అద్దె ఎందుకు తక్కువో తెలియాలంటే గాలివాటం మారిన రాత్రి కిటికీ తెరిస్తే చాలు. నేరాల లెక్కల్లో ఈ ఏరియా ఎలా ఉన్నా, పిల్లలున్నవాళ్లకు ఇది భద్రత విషయమే.

1998 నవంబర్‌లో వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత నగరం పడమటికి తిరిగింది. 2003లో శివారు ప్రాంతాలకు సైబరాబాద్ పోలీస్ కమిషనరేట్ వచ్చింది. 2016లో దాన్ని రెండుగా చేసి రాచకొండను వేరు చేశారు. 2013లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని మీద జరిగిన సామూహిక అత్యాచారం ప్రభుత్వాన్ని కదిలించింది, 2014 అక్టోబర్‌లో ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్ మొదలయ్యాయి. ఐటీ కంపెనీలూ పోలీసులూ కలిసి సైబరాబాద్‌లో ఒక భద్రతా మండలి పెట్టుకుని ఆడవాళ్లకు షీ షటిల్ బస్సులు నడిపారు. మంచి పనే. కానీ తెల్లవారుజామున నాలుగింటికి రోడ్లు ఊడ్చే ఆవిడ, కేటరింగ్ పని ముగించుకుని అర్ధరాత్రి షేర్ ఆటోలో బాలాపూర్ చేరే అమ్మాయి, వీళ్ల దారిలో అలాంటి బస్సు లేదు. ఏ ఏరియా సేఫ్ అన్నప్పుడు ఎవరికి సేఫ్ అని కూడా అడగాలి.

2019 నవంబర్ 27న శంషాబాద్ టోల్‌ప్లాజా దగ్గర జరిగిన ఘోరం తెలుగువాళ్లెవరూ మర్చిపోరు. ‘దిశ’ ఘటన. ఆ రాత్రి కంప్లయింట్ తీసుకోవడంలో ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. ఇది మా పరిధి కాదన్న మాట ఆ కుటుంబం వినాల్సి వచ్చింది. ఎక్కడిదైనా సరే ముందు కేసు రాసుకోవాలన్న జీరో ఎఫ్ఐఆర్ గురించి మామూలు జనానికి తెలిసింది ఆ తర్వాతే. శివార్లలో ఇల్లు తీసుకునేవాళ్లు తమ గల్లీ ఏ స్టేషన్ కిందికి వస్తుందో, అది ఎంత దూరమో కనుక్కోవడం చాదస్తం కాదు.

మళ్లీ నీళ్ల దగ్గరికి రావాలి, ఎందుకంటే నా దృష్టిలో ఈ నగరంలో ఏరియాల మధ్య అసలు గీత నీళ్లు గీసినదే. 2007 ఏప్రిల్‌లో పాత కార్పొరేషన్‌లో 12 శివారు మున్సిపాలిటీలను కలిపి జీహెచ్ఎంసీ చేశారు. విస్తీర్ణం సుమారు 170 చదరపు కిలోమీటర్ల నుంచి 600 దాటింది. పేరు గ్రేటర్ అయింది, మురుగు పైపు మాత్రం చాలా కాలనీలకు రాలేదు. లేఅవుట్లు చెరువు నీళ్లు నిలిచే శిఖం భూముల్లోకి జరిగాయి, నాలాలు సన్నబడ్డాయి. 2000 ఆగస్టులో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడ్డప్పుడే ప్రమాదం తెలిసింది. కిర్లోస్కర్ కమిటీ నాలాలను వెడల్పు చేయాలని 2003లో రిపోర్టు ఇచ్చింది. ఆ పని నత్తనడకన సాగుతుండగానే 2020 అక్టోబర్ 13 వచ్చింది.

ఆ రాత్రి పల్లె చెరువు కట్ట తెగి అల్‌జుబైల్ కాలనీ, గౌస్‌నగర్ వైపు నీళ్లు విరుచుకుపడ్డాయి. కొద్ది రోజులకే గుర్రం చెరువు తెగింది. హఫీజ్‌బాబానగర్ మునిగింది. జల్‌పల్లి దగ్గర ఉస్మాన్‌నగర్‌లో ఇళ్లు వారాల తరబడి కాదు, నెలల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. టోలీచౌకీ నదీం కాలనీలో పడవలు తిరిగాయి. పడమటి ఖరీదైన ప్రాంతాలు కూడా మునిగాయి కానీ అక్కడ మోటార్లు పెట్టి సెల్లార్ తోడించుకునే డబ్బుంది. ఉస్మాన్‌నగర్‌లో నోటరీ కాగితం మీద గజాల లెక్కన స్థలం కొనుక్కుని, కూలీ డబ్బుతో రెండు గదులు వేసుకున్నవాళ్లకు ఆ రెండు గదులే ఆస్తి. వాళ్లు తెలియక కొన్నారు సరే, అక్కడ ప్లాట్లు చేసి అమ్మినవాళ్లకు, కరెంటు మీటరు ఇచ్చి ఇంటిపన్ను కట్టించుకున్నవాళ్లకు అది చెరువని తెలియదా? దెబ్బ మాత్రం కొన్నవాళ్లకే తగిలింది.

2024లో మూసీ ఒడ్డున శంకర్‌నగర్, మూసానగర్ గోడల మీద అధికారులు ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాశారు, నదీగర్భంలో ఉన్న ఇల్లని గుర్తుగా. ఆ ఇళ్లవాళ్లలో కొందరిని మలక్‌పేట పిల్లిగుడిసెల దగ్గరి డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు తరలించారు. వరద ముప్పు నుంచి మనుషుల్ని తప్పించడం అవసరమే. పని దొరికే చోటికి, పిల్లల బడికి దగ్గరగా ఇల్లు చూపించడం కూడా అంతే అవసరం.

ఖరీదైన వైపు నీళ్ల కథ ఇంకో రకం. మణికొండ, నార్సింగి, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో మార్చి దాటితే బోర్లు అడుగంటుతాయి, ట్యాంకర్ల కోసం ఫోన్లు. 2024 వేసవిలో జలమండలి ట్యాంకర్ బుకింగులు విపరీతంగా పెరిగాయి. నెలకు ముప్పై వేలు అద్దె కట్టి బకెట్ లెక్కన స్నానం చేసిన కుటుంబాలున్నాయి. అటు వారసిగూడ, చిక్కడపల్లి లాంటి పాత కాలనీల్లో ఇల్లు చిన్నదైనా రోజు విడిచి రోజు నల్లా వస్తుంది, బస్సు దగ్గర, ఆస్పత్రి దగ్గర. ‘మంచి ఏరియా’ల జాబితాల్లో ఈ పేర్లు కనబడవు.

మెట్రో కూడా ఇదే దారిలో నడిచింది. 2017 నవంబర్‌లో మొదలై 2020 ఫిబ్రవరికి జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా వచ్చి, మూసీ దగ్గర ఆగిపోయింది. ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన అయిదున్నర కిలోమీటర్లు కాగితం మీదే మిగిలాయి. 2024 మార్చిలో చాంద్రాయణగుట్ట దాకా పొడిగిస్తూ మళ్లీ శంకుస్థాపన చేశారు.

నేరాల లెక్కలు చూసి ఏరియా ఎంచుకోవాలనుకునేవాళ్లకు ఒక మాట. కేసులు ఎక్కువ నమోదయ్యాయంటే నేరాలు ఎక్కువనే కాదు, జనం ధైర్యంగా స్టేషన్ మెట్లెక్కుతున్నారని కూడా కావచ్చు. పేరు చూసో, కులం మతం అడిగో ఇల్లు లేదనే ఓనర్ల వల్ల కొందరికి అసలు ఎంచుకునే అవకాశమే ఉండదు, అది ఏ లెక్కలోకీ రాదు. కాబట్టి ఇల్లు చూసేటప్పుడు రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి ఆ గల్లీకి వెళ్లండి. లైట్లు వెలుగుతున్నాయా, కిరాణా కొట్టు తెరిచి ఉందా చూడండి. 2020లో నీళ్లు ఎంతవరకు వచ్చాయని కొట్టాయన్ని అడగండి, గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు. కొనేవాళ్లయితే చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు) మ్యాపులు నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ ఆన్‌లైన్‌లో పెట్టింది, సర్వే నంబర్ పట్టుకుని అడ్వాన్స్ ఇవ్వకముందే చూసుకోండి.