తగ్గిన బరువు మళ్లీ ఎందుకు పెరుగుతుంది?

ఒక పెద్ద చెంచాడు నూనె దాదాపు 14 గ్రాములు తూగుతుంది. బాణలిలో వేస్తే అడుగు తడిసిందా లేదా అన్నట్టుంటుంది. కానీ అందులో 120 కేలరీలున్నాయి. అన్ని కేలరీలు కీరా ముక్కల నుంచి రావాలంటే ముప్పావు కిలో పైనే తినాలి. అంత తినేలోపే కడుపు నిండిపోతుంది. కొవ్వు తగ్గించి తినడంలో కిటుకు ఇదే. గ్రాము కొవ్వులో 9 కేలరీలుంటే, గ్రాము పిండిపదార్థంలో, గ్రాము ప్రోటీన్‌లో నాలుగేసి ఉంటాయి. కడుపు మాడ్చుకోకుండానే కేలరీలు తగ్గించుకోవచ్చు.

మొదట్లో బరువు బాగానే తగ్గుతుంది. అసలు కష్టం ఆ తర్వాతే. అమెరికాలో నెలసరి ఆగిపోయిన 48,835 మంది మహిళలతో చేసిన పరిశోధన ఫలితాలు 2006లో వచ్చాయి. వారిలో కొందరికి కొవ్వు తగ్గించి, కూరగాయలు, పండ్లు, ధాన్యాలు పెంచి తినడం నేర్పారు. బరువు తగ్గమని మాత్రం చెప్పలేదు. మొదటి ఏడాదిలో వాళ్లు సగటున 2.2 కిలోలు తగ్గారు. ఏడున్నరేళ్లకు, మామూలుగా తిన్నవాళ్లకూ వీళ్లకూ మిగిలిన తేడా 0.4 కిలోలే.

బరువు మళ్లీ పెరిగినవాళ్లను 'నోరు కట్టుకోలేకపోయారు' అనడం అన్యాయం. ఒంట్లో కొవ్వు కరిగేకొద్దీ లెప్టిన్ అనే హార్మోన్ తగ్గుతుంది. కరువొచ్చిందేమోనని మెదడు కంగారుపడి ఆకలి పెంచుతుంది, ఒళ్లు ఖర్చుచేసే శక్తిని కుదిస్తుంది. బరువు తగ్గి ఏడాదైనా లెప్టిన్ లాంటి ఆకలి హార్మోన్లు పాత స్థితికి రాలేదని 2011లో మరో పరిశోధన చూపింది. అందుకే మూడు నెలలు పళ్లు బిగించి చేసే డైట్ల మీద నాకు నమ్మకం లేదు. పదేళ్లయినా విసుగు పుట్టని తిండినే ఎంచుకోమంటాను.

అది తక్కువ కొవ్వు తిండే అయి తీరాలనీ లేదు. 2018లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మందిని రెండు జట్లు చేసి చూశారు. ఏడాదిలో కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా ఏమీ కాదు.

'లో ఫ్యాట్' ప్యాకెట్ కొనేముందు వెనక లేబుల్‌పై చక్కెర ఎంతుందో చూడండి. కొవ్వు తీసేస్తే పోయే రుచిని చాలాసార్లు చక్కెరతోనే పూడుస్తారు. అలాగని కొవ్వును పూర్తిగా మానేయకండి. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే అది కావాలి.

కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాదైనా నిలబెట్టుకున్నవాళ్ల వివరాలను అమెరికాలో ఒక రిజిస్ట్రీ 1994 నుంచి సేకరించింది. తక్కువ కొవ్వు తిండి, రోజూ గంట దాకా నడక లాంటి శ్రమ, వారానికోసారైనా బరువు చూసుకోవడం వాళ్లలో చాలామందికి అలవాటు. కిలో పెరిగినప్పుడే తెలిస్తే, సీసాతో వంచేస్తున్న నూనెను ఆ వారం నుంచే మళ్లీ చెంచాతో కొలుచుకోవచ్చు.